పని కిటుకు ఎవరి గుప్పిట్లో? మేనేజ్‌మెంట్ సిద్ధాంతాల చరిత్ర

మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో చరిత్ర అధ్యాయం ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తుంది. మొదట టేలర్ పనిని గడియారంతో కొలిచాడు. ఫెయోల్ సూత్రాలు రాశాడు, వెబర్ అధికార యంత్రాంగాన్ని వర్ణించాడు. తర్వాత హాథార్న్ ప్రయోగాలతో కార్మికుడు కూడా మనిషేనని బయటపడింది. ఆపైన వ్యవస్థల దృక్పథం, సందర్భానుసార దృక్పథం వచ్చాయి. ఇది చదివితే కరకు కాలం నుంచి మానవత్వం వైపు, అజ్ఞానం నుంచి శాస్త్రం వైపు తిన్నగా సాగిన ప్రయాణంలా కనిపిస్తుంది. పరీక్ష రాయడానికి ఇంత చాలు. కానీ ఆ సిద్ధాంతాలు పుట్టిన ఉక్కు మిల్లుల్లోకీ బొగ్గు గనుల్లోకీ రైలు కంపెనీల్లోకీ వెళ్లి చూస్తే ప్రయాణం అంత సాఫీగా లేదు. ప్రతి సిద్ధాంతమూ ఏదో ఒక చోట తలెత్తిన చిక్కుకు జవాబుగా పుట్టింది. వాటిలో చాలావాటి అడుగున ఒకే తగాదా ఉంది: పని ఎలా చేయాలో నిజంగా తెలిసింది ఎవరికి, ఆ తెలివి ఎవరి అధీనంలో ఉండాలి? ఈ తగాదాను పక్కన పెడితే సిద్ధాంతాలన్నీ పేర్లూ సంవత్సరాలుగా మాత్రమే మిగులుతాయి.

1776లో ఆడం స్మిత్ చెప్పిన గుండుసూదుల కర్మాగారం ఉదాహరణ అందరూ ఎరిగినదే. పది మంది పని పంచుకుంటే రోజుకు 48 వేల సూదులు తయారయ్యాయి. అదే ఎవరికి వారు మొత్తం పని చేసుకుంటే ఒక్కొక్కరు 20 కూడా చేయలేరని ఆయన లెక్క. చేయి తిరగడం, పని మారేటప్పుడు పోయే సమయం ఆదా కావడం, యంత్రాలకు దారి ఏర్పడడం అని స్మిత్ మూడు కారణాలు చూపాడు. 56 ఏళ్ల తర్వాత ఇంగ్లిషు గణితవేత్త చార్లెస్ బాబేజ్ దీనికి ఇంకొక కారణం జోడించాడు. అది ఇంతకంటే పదునైనది. పని మొత్తం ఒక్కడే చేస్తే, అందులోని అతి కష్టమైన భాగానికి కావలసిన నైపుణ్యానికి తగ్గ కూలి అతనికి రోజంతా ఇవ్వాలి. పనిని ముక్కలు చేస్తే కష్టమైన ముక్కకు మాత్రమే ఎక్కువ ఇచ్చి, మిగతా ముక్కలను తక్కువ కూలికి చేయించుకోవచ్చు. అంటే పని విభజన వేగం కోసం మాత్రమే కాదు, నైపుణ్యాన్ని అవసరమైనంత కొలతలో కొనుక్కోవడం కోసం కూడా. బాబేజ్ 1832లో రాసిన ఈ మాటకు పాఠ్యపుస్తకాల్లో స్మిత్ సూదులకు దొరికినంత చోటు దొరకదు. తర్వాతి శతాబ్దంలో జరిగినది అర్థం కావాలంటే మాత్రం ముందు చదవవలసింది దీన్నే.

అప్పటిదాకా మిల్లు యజమాని ఒక చుట్టు తిరిగితే తన పనంతా కళ్లారా చూడగలిగేవాడు. ఆ వీలును పోగొట్టింది రైల్వేలు. వందల మైళ్ల పొడవున పరచుకున్న సంస్థను ఎవరూ ఒకచోట నిలబడి చూడలేరు. 1841 అక్టోబరు 5న అమెరికాలోని మసాచుసెట్స్‌లో వెస్టర్న్ రైల్‌రోడ్ రైళ్లు రెండు ఎదురెదురుగా ఢీకొన్నాయి. ఆ ప్రమాదం తర్వాతే ఏ అధికారి ఎవరికి జవాబుదారీ, ఏ విభాగం దేనికి బాధ్యత వహించాలి అన్నది కంపెనీ కాగితం మీద పెట్టింది. 1855లో న్యూయార్క్ అండ్ ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ డేనియల్ మెక్‌కాలమ్ తన సంస్థ నిర్మాణాన్ని చెట్టు ఆకారంలో గీయించాడు. డైరెక్టర్ల బోర్డు అందులో పైన కాదు, కింద మొదట్లో ఉంటుంది. కొమ్మలు లైన్ల వెంట స్టేషన్ల దాకా, సిబ్బంది దాకా విచ్చుకుంటాయి. రోజువారీ నిర్ణయాలు లైన్ల మీద ఉన్న అధికారులవి, సమాచారం మాత్రం టెలిగ్రాఫు ద్వారా కేంద్రానికి చేరాలి. ఆధునిక మేనేజర్ అనే ఉద్యోగి, అంటే యజమానీ కాని కార్మికుడూ కాని జీతగాడు, ఇక్కడే రూపు దిద్దుకున్నాడని చరిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ చాండ్లర్ వాదించాడు.

పాఠ్యపుస్తకాలు దాటేసే చోటు మరొకటి ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ కరీబియన్ దీవుల్లోనూ బానిసల శ్రమతో నడిచిన తోటల్లో పనిని కొలవడం, రాసిపెట్టడం ఎంతో ముందే ఒక పద్ధతిగా ఉంది. థామస్ అఫ్లెక్ అనే వ్యక్తి అచ్చువేసి అమ్మిన ఖాతా పుస్తకాల్లో ఒక్కో బానిస రోజుకు ఎంత పత్తి తీశాడో రాయడానికి గడులుండేవి. సంవత్సరం మొదట, చివర ఆ మనిషి వెల ఎంతో రాయడానికి కూడా గడులుండేవి. ఈ ఖాతాలను పరిశీలించిన కేట్లిన్ రోజెన్‌థాల్ 2018లో వెలువరించిన పరిశోధన, లెక్కా పత్రమూ కొలతా స్వేచ్ఛా శ్రామికుల కర్మాగారాల్లోనే పుట్టాయన్న నమ్మకాన్ని గట్టిగా కదిలించింది. తోటల పద్ధతులే నేరుగా టేలర్‌కు చేరాయని చెప్పడానికి ఆధారం చాలదు. అయినా మేనేజ్‌మెంట్ చరిత్రను టేలర్‌తో మొదలుపెట్టి, అంతకుముందు లక్షల మంది మీద నడిచిన ఈ లెక్కలను పక్కన పెట్టడం సమర్థించుకోలేని పని.

ఇక టేలర్. ఫిలడెల్ఫియాలోని సంపన్న కుటుంబంలో 1856లో పుట్టిన ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ కళాశాలకు వెళ్లే ఆలోచన మానుకుని ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. 1878లో మిడ్‌వేల్ స్టీల్ కంపెనీలో కూలీగా మొదలై కొద్దికాలానికే ఫోర్‌మన్ అయ్యాడు. అక్కడ ఆయనకు ఎదురైన చిక్కు ఒక్కటే. కార్మికులు చేయగలిగినంత చేయడం లేదు, కావాలనే నిదానించేవారు. దీనికి సోమరితనం ఒక్కటే కారణం కాదని టేలర్‌కు బాగా తెలుసు. చేసిన సరుకును బట్టి కూలి ఇచ్చే పీస్ రేటు కింద ఎవరైనా ఎక్కువ సరుకు తీసి ఎక్కువ సంపాదిస్తే యాజమాన్యం వెంటనే రేటు తగ్గించేది. రెండోసారి అదే కూలి కోసం రెట్టింపు చాకిరీ చేయాల్సి వచ్చేది. కాబట్టి నిదానించడం కార్మికుల వైపు నుంచి పూర్తిగా తెలివైన పని. ఆ తెలివిని కాపాడింది వాళ్ల దగ్గరే ఉన్న రహస్యం: ఒక పనికి నిజంగా ఎంతసేపు పడుతుందో యాజమాన్యానికి తెలియదు.

టేలర్ చేసినదంతా ఆ రహస్యాన్ని బద్దలు కొట్టడానికే. పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచి, అనవసరమైనవి తీసేసి, మిగిలినవి కలిపి ‘ఏకైక ఉత్తమ పద్ధతి’ నిర్ణయించాలి. ఆలోచించడం ప్లానింగ్ గది పని, చెప్పినది చెప్పినట్టు చేయడం కార్మికుడి పని. కార్మికుల దగ్గర తరతరాలుగా పోగుపడిన సంప్రదాయ జ్ఞానాన్ని మేనేజర్లు సేకరించి, వర్గీకరించి, నియమాలుగా మార్చాలని 1911లో వచ్చిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ సైంటిఫిక్ మేనేజ్‌మెంట్’లో ఆయన దాపరికం లేకుండా రాశాడు. టేలర్ వాదంలో న్యాయమైన భాగం లేకపోలేదు. ఒకసారి కొలిచి నిర్ణయించిన రేటును తగ్గించకూడదనీ, పెరిగిన ఉత్పత్తిలో కార్మికుడికి వాటా రావాలనీ ఆయన పట్టుబట్టాడు. ఆ పద్ధతిని కొనుక్కున్న యజమానుల్లో చాలామంది స్టాప్‌వాచ్ తీసుకుని ఆ షరతును వదిలేశారు.

ఆయన పేరు మోసిన ఉదాహరణ బెత్లెహెమ్ స్టీల్‌లో 1899 నాటి దుక్క ఇనుము కథ. ఒక్కొక్కటి 92 పౌండ్ల బరువున్న ఇనుప దిమ్మెలను ఎత్తి రైలు పెట్టెల్లోకి చేర్చాలి. రోజుకు 12.5 టన్నులు ఎత్తే కూలీ ‘శాస్త్రీయ’ పద్ధతిలో 47.5 టన్నులు ఎత్తాడు, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. అంటే పని దాదాపు నాలుగు రెట్లయితే కూలి 60 శాతం పెరిగింది. పుస్తకంలో ‘ష్మిట్’ అన్న పేరుతో కనిపించే ఆ కూలీ అసలు పేరు హెన్రీ నోల్. 1974లో చార్లెస్ రెగీ, అమెడియో పెరోని అనే పరిశోధకులు కంపెనీ కాగితాలతో పోల్చి చూస్తే టేలర్ చెప్పిన కథలో చాలా భాగం నిలబడలేదు. 47.5 టన్నుల అంకె వెనక చాలాకాలం సాగిన శాస్త్రీయ పరిశీలన లేదు. పది మంది బలశాలుల చేత కొద్దిసేపు శక్తికొద్దీ ఎత్తించి, దాన్ని రోజు మొత్తానికి లెక్కగట్టి, విశ్రాంతి కింద 40 శాతం తీసేసి దానికి దగ్గరగా అంకె వేశారు. ఆ 40 శాతానికి తగిన ఆధారం ఎక్కడా లేదు. టేలర్ ఈ మనిషిని బుద్ధిలో ఎద్దుతో పోల్చాడు. ష్మిట్ చిన్న స్థలం కొనుక్కుని, పనికి ముందూ పని తర్వాతా తన ఇంటి గోడలు తానే కట్టుకుంటున్నాడని రాసింది కూడా ఆయనే. పగలంతా ఇనుము మోసి, మిగిలిన పొద్దులో సొంత చేతులతో ఇల్లు కట్టుకునే మనిషికి ఆలోచన చేతకాదని తీర్మానించడమే ఆ సిద్ధాంతంలో అన్నిటికంటే పెద్ద లోపం.

ఈ సిద్ధాంతం ఊరూరా తెలిసింది కర్మాగారంలోని ఫలితాల వల్ల కాదు, ఒక విచారణ వల్ల. 1910లో అమెరికా తూర్పు రైల్వేలు సరుకు రవాణా చార్జీలు పెంచబోతే, వ్యాపారుల తరఫున వాదించిన న్యాయవాది లూయిస్ బ్రాండైస్ శాస్త్రీయ నిర్వహణ పాటిస్తే పెంచనవసరమే లేదని వాదించాడు. రైల్వేలు రోజుకు పది లక్షల డాలర్లు ఆదా చేయవచ్చన్న సాక్ష్యం పత్రికల్లో పతాక శీర్షిక అయింది. మరుసటి ఏడాది ఆగస్టులో ప్రభుత్వ ఆయుధ కర్మాగారం వాటర్‌టౌన్ ఆర్సెనల్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి లోహం పోతపోసే ఫౌండ్రీలోకి రాగానే అచ్చులు తయారుచేసే మౌల్డర్లు పని ఆపి బయటికి వచ్చేశారు. అమెరికా ప్రతినిధుల సభ ప్రత్యేక కమిటీ విచారణ జరిపింది, టేలర్ స్వయంగా సాక్ష్యం చెప్పాడు. చివరికి 1915లో సైన్యానికి కేటాయించిన నిధులతో స్టాప్‌వాచ్ అధ్యయనాలు జరపరాదని అమెరికా కాంగ్రెస్ నిషేధం పెట్టింది. మేనేజ్‌మెంట్ పద్ధతి ఒకటి చట్టసభ దాకా వెళ్లి ఆంక్షకు గురైన సందర్భాలు చరిత్రలో అరుదు.

అయినా వ్యాప్తి ఆగలేదు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుక పేర్చడంలోని 18 కదలికలను నాలుగైదుకు తగ్గించాడు, తర్వాత ఆయనా భార్య లిలియనూ సినిమా కెమెరాతో కదలికలను పట్టారు. వీరిలో లిలియన్ అలసట గురించీ కార్మికుడి మనసు గురించీ ఆలోచించింది. ‘మానవ సంబంధాల’ యుగం మొదలైందని చెప్పే తేదీకి పదేళ్లకు పైగా ముందే, 1914లో ఆమె మేనేజ్‌మెంట్ మనస్తత్వం మీద పుస్తకం రాసింది. పుస్తకం మీద పూర్తి పేరు బదులు పొడి అక్షరాలే వేశారు. ఫోర్డ్ కంపెనీ హైలాండ్ పార్క్ కర్మాగారంలో 1913లో కదిలే అసెంబ్లీ లైను మొదలయ్యాక, ఒక కారు చట్రం బిగింపునకు పట్టే సమయం పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు దిగింది. అదే ఏడాది కార్మికులు పని మానేసి వెళ్లే రేటు 370 శాతానికి ఎక్కింది. 100 మంది పనిలో నిలవాలంటే ఏడాదిలో 370 మందిని తీసుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ప్రకటించిన రోజుకు ఐదు డాలర్ల కూలి వెనక ఈ లెక్కే ఉంది. అటు రష్యాలో, 1914లో టేలర్ పద్ధతిని యంత్రానికి మనిషిని బానిస చేయడమని తిట్టిన లెనిన్, అధికారంలోకి వచ్చాక 1918లో దాన్నే అధ్యయనం చేసి అమలు చేయాలని రాశాడు. కర్మాగారం ఎవరి ఆస్తి అన్న విషయంలో బద్ధశత్రువులైన రెండు వ్యవస్థలు, పని ఎలా జరగాలో ఎవరు నిర్ణయించాలన్న విషయంలో ఒకే జవాబుకు చేరుకున్నాయి.

హెన్రీ ఫెయోల్ ఇదే కాలంలో చూసింది పూర్తిగా మరో వైపు నుంచి. ఆయన గనుల ఇంజనీరు. దివాలా అంచున ఉన్న ఫ్రెంచి బొగ్గు, ఇనుము కంపెనీకి 1888లో సారథ్యం తీసుకుని నిలబెట్టాడు. టేలర్ కళ్లు కార్మికుడి చేతి మీద ఉంటే, ఫెయోల్ కళ్లు డైరెక్టరు బల్ల మీద ఉన్నాయి. ప్రణాళిక, వ్యవస్థీకరణ, ఆజ్ఞాపన, సమన్వయం, నియంత్రణ అనే పనులు ఏ సంస్థకైనా ఒకటేననీ, వాటిని బడిలో నేర్పవచ్చనీ 1916లో ప్రకటించాడు. ఒక్కో కార్మికుడి మీద ఎనిమిది మంది నిపుణ ఫోర్‌మన్లు ఉండాలన్న టేలర్ ప్రతిపాదనను ఆయన ఒప్పుకోలేదు, ఒక ఉద్యోగికి ఒకే పైఅధికారి అన్నాడు. మాక్స్ వెబర్ మేనేజర్లకు సలహా చెప్పనేలేదు. ఆధునిక రాజ్యంలో అధికారం ఎందుకు చెల్లుబాటవుతుందని అడిగిన సామాజిక శాస్త్రవేత్త ఆయన. నియమాలు, ఫైళ్లు, హోదాలతో నడిచే అధికార యంత్రాంగానికున్న సామర్థ్యాన్ని గుర్తిస్తూనే, అది మనిషిని బంధిస్తుందని భయపడ్డాడు కూడా. 1920లో ఆయన చనిపోయాక ఆ రచన 1922లో వెలువడింది. అది ఇంగ్లిషులోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. ఫెయోల్ పుస్తకం ఇంగ్లిషులో విస్తృతంగా చదవబడింది 1949 అనువాదం నుంచి. కాబట్టి ‘సాంప్రదాయ వర్గం’ అని మనం చదివే ముగ్గురూ ఏనాడూ ఒక వర్గం కాదు. వారిని ఒక గూట్లో చేర్చింది తర్వాతి తరం పాఠ్యపుస్తకాలు.

హాథార్న్ దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే మేనేజ్‌మెంట్ బోధనలో ఇంతగా చెప్పుకున్న ప్రయోగం మరొకటి లేదు. షికాగో పక్కనే సిసెరోలో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హాథార్న్ కర్మాగారంలో 1924లో వెలుతురు ప్రయోగాలు మొదలయ్యాయి. వెలుతురు పెంచినా తగ్గించినా ఉత్పత్తి పెరిగిందనీ, గమనింపబడుతున్నామన్న స్పృహే అందుకు కారణమనీ కథ. 2011లో స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ అనే ఆర్థికవేత్తలు ఆ పాత అంకెలను వెతికి పట్టుకుని మళ్లీ విశ్లేషించారు. వెలుతురు మార్పులు ఆదివారం చేసేవారు, కాబట్టి సోమవారం ఉత్పత్తిని అంతకుముందు శనివారంతో పోల్చినట్టయింది. మార్పు లేని వారాల్లోనూ సోమవారం ఉత్పత్తి ఎక్కువే. కథలో చెప్పినంత నాటకీయమైన ప్రభావం అంకెల్లో కనిపించలేదు.

1927లో టెలిఫోన్ రిలేలు అనే చిన్న స్విచ్చులు బిగించే ఐదుగురు యువతులను విడి గదిలో కూర్చోబెట్టి, విరామాలు, పని గంటలు మారుస్తూ చేసిన రెండో ప్రయోగంలో ఉత్పత్తి నిజంగానే గణనీయంగా పెరిగింది. విరామాలు తీసేసినా పడిపోలేదు. 1928లో పరిశోధనలో భాగమైన ఎల్టన్ మేయో, ఆయన హార్వర్డ్ సహచరులు దీనికి స్నేహపూరిత పర్యవేక్షణా సామూహిక భావనా కారణమన్నారు. కానీ అదే సమయంలో మారిన మరో రెండు విషయాలున్నాయి. అంతకుముందు వంద మంది ఉత్పత్తి మీద లెక్కగట్టే బోనసు ఇప్పుడు ఐదుగురి ఉత్పత్తి మీదే లెక్కకొచ్చింది. కబుర్లు ఎక్కువ చెప్పుకుంటున్నారని ఇద్దరిని 1928 జనవరిలో తీసేసి, చురుకైన మరో ఇద్దరిని పెట్టారు. ఈ సాక్ష్యం కూలి డబ్బుకూ క్రమశిక్షణకూ ఉన్న పాత ప్రాధాన్యాన్నే రుజువు చేస్తోందని 1967లో అలెక్స్ కేరీ నిర్దాక్షిణ్యంగా విమర్శించాడు. స్నేహపూరిత పర్యవేక్షణ వల్ల ఉత్పత్తి పెరిగిందన్న ప్రయోగంలోనే మాట వినని ఇద్దరిని తొలగించారన్న సంగతి ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసింది.

హాథార్న్‌లో అసలు విలువైనది మూడో అధ్యయనం. 1931–32లో 14 మంది పురుషులు స్విచ్‌బోర్డులకు తీగలు బిగించే గదిని ఏ మార్పూ చేయకుండా గమనించారు. రోజుకు ఎంత పని చేయాలో వాళ్లలో వాళ్లే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మించినవాడిని ఎగతాళి చేసేవారు, భుజం మీద ఒకటి వేసేవారు. టేలర్ మిడ్‌వేల్‌లో చూసినదే యాభై ఏళ్ల తర్వాత ఇక్కడ మళ్లీ కనిపించింది, అదీ ప్లానింగ్ గదులూ స్టాప్‌వాచ్‌లూ వచ్చాక! మేయో బృందం దీన్ని తర్కానికి లొంగని భావోద్వేగంగా చదివింది. అది మహామాంద్యం కాలం. పని త్వరగా ముగిస్తే ఉద్యోగమే పోయే రోజులు. పని లేకనే 1932 మేలో ఆ గదిని మూసేశారు. అలాంటప్పుడు నిదానంగా చేయడం కంటే తర్కబద్ధమైనది ఏముంటుంది? 1936 నుంచి అదే కర్మాగారంలో కౌన్సెలర్లను నియమించారు. కార్మికుల బాధలు ఓపిగ్గా వినడం వారి పని, దేన్నీ మార్చే అధికారం వారికి లేదు. మానవ సంబంధాల సిద్ధాంతం బలమూ బలహీనతా రెండూ ఈ ఏర్పాటులో కనిపిస్తాయి. అది కార్మికుడి మనసును పట్టించుకుంది, అతనికి తెలిసినదాన్ని పట్టించుకోలేదు.

దాన్ని పట్టించుకున్న ఆలోచనాపరురాలు అప్పటికే ఉంది. మేరీ పార్కర్ ఫాలెట్ బోస్టన్‌లో సామాజిక కేంద్రాలు నడిపి, 1920లలో వ్యాపార సంస్థల గురించి ప్రసంగాలు చేసింది. ఇతరుల మీద అధికారం వేరు, ఇతరులతో కలిసి సాధించే అధికారం వేరు అని ఆమె విడదీసి చెప్పింది. ఆజ్ఞ ఒక మనిషి నుంచి మరో మనిషికి రాకూడదు. ఇద్దరూ కలిసి పరిస్థితిని చదివితే ఏం చేయాలో ఆ పరిస్థితే చెబుతుందని ఆమె వాదన. 1933లో ఆమె మరణించాక అమెరికాలో ఆమెను దాదాపు మరిచిపోయారు, ఎన్నో దశాబ్దాల తర్వాత మళ్లీ చదివారు. న్యూజెర్సీ టెలిఫోన్ కంపెనీ అధ్యక్షుడు చెస్టర్ బర్నార్డ్ 1938లో ఇంచుమించు ఇదే దారిలో, ఆజ్ఞకు బలం ఇచ్చేది అందుకున్నవారి అంగీకారమేనని రాశాడు. ఈ మాట నోటితో ఒప్పుకున్న మేనేజర్లు ఎక్కువ, దాని ప్రకారం నడిచినవారు తక్కువ.

హెర్బర్ట్ సైమన్ 1946లో పరిపాలనా సూత్రాలన్నిటినీ సామెతలతో పోల్చి తీసిపారేశాడు. సామెతల్లో ఒకదానికి ఎదురు సామెత మరొకటి దొరికినట్టే, ఈ సూత్రాల్లోనూ ప్రతిదానికీ సరిగ్గా వ్యతిరేకమైన సూత్రం ఉంటుందని ఆయన చూపాడు. మనిషి బుద్ధికీ సమయానికీ పరిమితులున్నాయి కాబట్టి ఎవరూ అన్ని మార్గాలూ తూచి శ్రేష్ఠమైనది ఎంచరు, సరిపోయేది దొరకగానే ఆగుతారు అన్నది ఆయన సిద్ధాంతం. 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ దీనికే వచ్చింది. టేలర్ ‘ఏకైక ఉత్తమ పద్ధతి’కి ఇంతకంటే గట్టి దెబ్బ మరొకటి తగల్లేదు.

మనిషి అవసరాలను మెట్లుగా పేర్చిన మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో గురించి ఒక్క మాట చాలు. ఆయన 1943 వ్యాసంలో పిరమిడ్ బొమ్మ లేదు. అవసరాలు ఒకదాని వెంట ఒకటి తలుపు తీసుకుని వస్తాయన్నంత బిగువుగానూ ఆయన చెప్పలేదు. ఆ బొమ్మ 1960లో ఒక వ్యాపార పత్రికలో సలహాదారు చార్లెస్ మెక్‌డెర్మిడ్ రాసిన వ్యాసంతో పుట్టిందని తర్వాతి పరిశోధకులు తేల్చారు. అదే 1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ ‘ఎక్స్’, ‘వై’ సిద్ధాంతాలు ప్రకటించాడు: మొదటిది మనిషికి పనంటే ఇష్టముండదన్న నమ్మకం, రెండోది అతను బాధ్యత తీసుకోగలడన్న నమ్మకం. ఉద్యోగి బద్ధకస్తుడని నమ్మే మేనేజర్, ఆ నమ్మకానికి తగ్గ నియమాలు పెట్టి, చివరికి అలాంటి ఉద్యోగినే తయారు చేసుకుంటాడన్న ఆయన పరిశీలన ఇప్పటికీ చెల్లుతుంది.

బ్రిటన్ బొగ్గు గనుల్లో తేలిన విషయం వీటన్నిటికంటే లోతైనది. పాత పద్ధతిలో ఇద్దరు ముగ్గురు గని కార్మికులు జట్టుగా బొగ్గు తవ్వడం నుంచి తరలించడం దాకా మొత్తం చూసుకునేవారు. జట్టును వాళ్లే ఎంచుకునేవారు, పైకప్పు కూలే ప్రమాదాన్ని వాళ్లే పసిగట్టేవారు. యంత్రాలతో ‘లాంగ్‌వాల్’ పద్ధతి వచ్చాక పని షిఫ్టులవారీగా చీలిపోయింది. ఒక షిఫ్టు బొగ్గును కోస్తుంది, ఒకటి కన్వేయర్లను జరుపుతుంది, ఇంకొకటి బొగ్గు నింపుతుంది. ముందు షిఫ్టు వదిలేసిన లోపం తర్వాతి షిఫ్టు నెత్తిన పడేది. గైర్హాజరు, నిందలు, మానసిక ఒత్తిడి పెరిగాయి, ఆశించిన ఉత్పత్తి రాలేదు. లండన్‌లోని పరిశోధన సంస్థ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎరిక్ ట్రిస్ట్, తానే ఒకప్పుడు గనిలో పనిచేసిన కెన్ బామ్‌ఫోర్త్ 1951లో దీన్ని వివరంగా రాశారు. కొన్ని గనుల్లో కార్మికులే కొత్త యంత్రాలతోనూ పాత జట్టు పద్ధతిని తిరిగి అల్లుకున్నారనీ, అక్కడ పని మెరుగ్గా సాగిందనీ ట్రిస్ట్ బృందం గమనించింది. యంత్రం మారితే పని ఏర్పాటు ఇలాగే ఉండి తీరాలన్న నియమమేమీ లేదు, ఎంపికకు చోటుంది. ఈ గుర్తింపు మానవ సంబంధాల సిద్ధాంతం ఇవ్వలేకపోయినది. ఇదే దశకంలో జోన్ వుడ్‌వర్డ్ సౌత్ ఎసెక్స్‌లో 100 సంస్థలను పరిశీలించి, విజయవంతమైన సంస్థలు సాంప్రదాయ సూత్రాలను పాటించినవేమీ కావనీ, నిర్మాణం ఉత్పత్తి విధానాన్ని బట్టి మారుతుందనీ తేల్చింది. సందర్భానుసార దృక్పథానికి పునాది అదే.

జపాన్ పరిశ్రమ నాణ్యతలో ఎదిగిన కథను సాధారణంగా 1950లో అమెరికన్ గణాంకవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్ ఇచ్చిన ఉపన్యాసాలతో మొదలుపెడతారు. దాని మూలం వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లోనే ఉంది. 1924లో, వెలుతురు ప్రయోగాలు మొదలైన అదే ఏడాది, ఆ కంపెనీ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ ఒక పేజీ నోటులో, ఉత్పత్తిలోని హెచ్చుతగ్గులు మామూలువో కావో చూపే నాణ్యతా నియంత్రణ చార్టును గీశాడు. డెమింగ్ ఆయన శిష్యుడి వంటివాడు. 1954లో జపాన్ వెళ్లిన మరో నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జూరాన్ ఉద్యోగం మొదలుపెట్టింది హాథార్న్‌లో. ఒక్క కంపెనీ నుంచి రెండు పాయలు బయల్దేరితే మేనేజ్‌మెంట్ బోధన ఎక్కువగా మేయో పాయనే గుర్తుంచుకుంది. ప్రపంచ పరిశ్రమను ఎక్కువగా మార్చింది రెండోది.

టయోటాలో ఇంజనీరు తైచీ ఓనో నిర్మించిన పద్ధతిలో లోపం కనిపిస్తే సాధారణ కార్మికుడే తాడు లాగి లైను ఆపవచ్చు. దీని అర్థం ఏమిటో బాగా తెలిసింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. 1982లో జనరల్ మోటార్స్ మూసేసిన కర్మాగారాన్ని, గైర్హాజరుకూ గొడవలకూ పేరుపడ్డ దాన్ని, 1984లో టయోటా, జనరల్ మోటార్స్ ఉమ్మడిగా తెరిచాయి. యూనియన్ అదే, కార్మికుల్లో ఎక్కువమంది పాతవారే. అయినా కొద్దికాలంలోనే నాణ్యత మారిపోయింది. అక్కడా పనిని సెకన్లలో కొలిచేవారు. టేలర్ మెచ్చుకునేంత కఠినంగా ప్రమాణీకరించారు. తేడా ఏమిటంటే, స్టాప్‌వాచ్ జట్టు సభ్యుల చేతిలో ఉంది. ఒకరి పనిని ఒకరు కొలిచి, చర్చించి, పద్ధతిని వాళ్లే రాసేవారు. పరిశోధకుడు పాల్ ఆడ్లర్ 1993లో ఈ సంగతి విశ్లేషించాక, కొలతే కార్మికుడికి శత్రువన్న పాత వాదన మునుపటంత సులువుగా నిలబడలేదు. ఇది ఒత్తిడిని నిరంతరం పెంచే ఏర్పాటని యూనియన్ వర్గాల నుంచి వచ్చిన విమర్శలోనూ నిజముంది. ఖాళీ సెకన్లు తగ్గేకొద్దీ ఊపిరి తీసుకునే వ్యవధీ తగ్గుతుంది. అయినా కిటుకు కనిపెట్టినవాడికే దాన్ని దిద్దే అధికారం ఇస్తే ఏమవుతుందో ఇంత పెద్ద ఎత్తున చూపిన చోటు ఇంకొకటి లేదు.

ఇదే సమయంలో బిజినెస్ స్కూళ్లు వేరే దారి పట్టాయి. బోధనలో శాస్త్రీయత లేదని 1959లో ఫోర్డ్ ఫౌండేషన్ నివేదిక తప్పుపట్టాక అవి గణితం, ఆర్థికశాస్త్రం వైపు మళ్లాయి. 1976లో మైఖేల్ జెన్సెన్, విలియం మెక్లింగ్ ప్రతిపాదించిన ఏజెన్సీ సిద్ధాంతం ప్రకారం, వాటాదారుల సొమ్ము చూసుకునే మేనేజర్ తన లాభమే చూసుకుంటాడు. కాబట్టి అతని ప్రతిఫలాన్ని వాటాదారుల లాభంతో ముడిపెట్టాలి. టేలర్ కార్మికుడి మీద పెట్టిన అనుమానమే ఇక్కడ మేనేజర్ మీదకు మళ్లింది, పీస్ రేటు స్థానంలో స్టాక్ ఆప్షన్లు, అంటే కంపెనీ వాటాలను ముందే నిర్ణయించిన ధరకు కొనే హక్కులు, వచ్చాయి. విద్యార్థులకు మనిషి స్వార్థపరుడనే నేర్పుతూ పోతే వారు అలాగే తయారవుతారని మేనేజ్‌మెంట్ ఆచార్యుడు సుమంత్ర ఘోషల్ హెచ్చరించాడు. ఆయన 2004లో మరణించగా, ఆ వ్యాసం 2005లో అచ్చయింది.

ఇప్పుడు స్టాప్‌వాచ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. యాప్‌ల ద్వారా నడిచే ట్యాక్సీలు, డెలివరీలు, గిడ్డంగుల్లో పనిని పంచేదీ, వేగాన్ని కొలిచేదీ, రేటింగు తగ్గితే పని ఆపేదీ ప్రోగ్రామే. 2015లో ట్యాక్సీ యాప్ డ్రైవర్ల మీద జరిగిన ఒక అధ్యయనం దీనికి అల్గారిథమిక్ మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టింది. టేలర్ కాలపు కార్మికుడికి కనీసం తనను ఎవరు కొలుస్తున్నారో కనిపించేది, ఆ మనిషితో వాదించే వీలుండేది. యాప్ కింద పనిచేసేవారికి నియమమేమిటో కూడా తెలియదు. అందుకే డ్రైవర్లు ఫోరాల్లో అనుభవాలు పోల్చుకుని ఆ నియమాలను ఊహించి పట్టుకుంటున్నారు, ఎప్పుడు లాగాఫ్ అయితే చార్జీ పెరుగుతుందో కలిసి లెక్క వేస్తున్నారు. యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన ప్లాట్‌ఫారం పని ఆదేశం ప్రకారం, యాప్ తీసుకున్న నిర్ణయానికి వివరణ అడిగే హక్కు పనివారికి ఉంటుంది. ఖాతా మూసేయడం వంటి నిర్ణయాలను మనిషే తీసుకోవాలి. సభ్యదేశాలు దీన్ని తమ చట్టాల్లోకి తెచ్చుకోవడానికి గడువు 2026 డిసెంబరు.